చియావో పెద్దమ్మ చేతి దూది

మా ఊళ్లో పుట్టిన పిల్లలకు ముందుగా తెలిసే చప్పుడు హోయాంగ్‌హో నదిది కాదు, చియావో పెద్దమ్మ విల్లుది. పత్తి తీతలు అయిపోయి, గింజ తీసిన దూది ఇళ్లకు చేరగానే ఆమె పెరట్లో ఆ చప్పుడు మొదలయ్యేది. మనిషి ఎత్తున్న చెక్క విల్లు, దానికి బిగించిన నారి, చేతిలో కొయ్య సుత్తి. నారిని దూదిలోకి దించి సుత్తితో కొడితే, ఉండలు కట్టిన దూది ఉలిక్కిపడి లేచేది. చూస్తుండగానే చారెడు దూది చాటంత అయ్యేది. నేను ఈ ఊరికి కోడలినై వచ్చిన ఏడు నీళ్లకని బయల్దేరి, బిందె గోడమీద పెట్టి అలాగే నిలబడిపోయాను. మా అత్తగారు వచ్చి చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్లింది. ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను. చాలా వింతలు చూశాను గానీ, అలా నోరు తెరుచుకుని చూసింది మాత్రం ఆమె చేతుల్నే.

ఆ విల్లు నిజానికి ఆమె మొగుడిది. అతను దూదేకుతూ ఊరూరా తిరిగేవాడు. పెళ్లయిన మూడో శరదృతువులో వరదనీటి మీద పడవ బోల్తాపడింది. విల్లు ఇంటికొచ్చింది, మనిషి రాలేదు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్లు నది అవతలి నుంచి వచ్చి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. ఒకరోజు పొద్దున్నే ఆ విల్లు తీసి భుజాన వేసుకుంది. ఆడది విల్లెత్తితే పత్తి పండదని ఊళ్లో మగవాళ్లు అన్నారు. ఆ మాట పత్తి చెవిన పడలేదు కాబోలు, ఆ ఏడు విరగకాసింది.

దూదేకడం ఎవరైనా నేర్చుకోవచ్చునంటారు. దూది పరవడం అలా కాదు. పొర మీద పొర, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఎక్కడా మందం మారకుండా పరవాలి. మా పెద్దవాడు పుట్టినప్పుడు నేను రజాయి కుట్టుకుని, గొప్పగా ఆమెకు చూపించాను. ఆమె దాన్ని కళ్లతో చూడనే లేదు. అరచేయి ఆనించి ఒకసారి ఇటు నుంచి అటు పోనిచ్చింది. "ఇక్కడ జానెడు మేర పలచగా ఉందే. పిల్లాడి వీపు సరిగ్గా ఇక్కడికే వస్తుంది" అంది. కుట్లు విప్పి చూస్తే అక్కడ దూది సాలెగూడులా ఉంది. నాకు కోపం రావలసింది. రాలేదు, ఆ అరచేతి వంక చూస్తూ ఉండిపోయాను.

ఇంట్లో వాడుకునే రజాయిలకు ఊరందరికీ ఆమె చేయే కావాలి. పెళ్లి రజాయికి మాత్రం ఆ చేయి తగలకూడదు. పెళ్లి రజాయి కుట్టేది నిండుమనుషులే. నిండుమనిషి అంటే మొగుడు, కొడుకు, కూతురు ముగ్గురూ బతికి ఉన్న ఆడది. వాళ్లు ఎలాంటివాళ్లని ఎవరూ అడగరు. మా ఆయన తాగి మేకల పాకలో నిద్రపోయే రకం. అయినా నేను నిండుమనిషినే, నా వంకర కుట్లు ఎన్ని పెళ్లిళ్లు చేశాయో.

చియావో పెద్దమ్మ చేయగలిగింది ఒకటే. దూది దూదిగా ఉన్నంతవరకు ఎవరైనా ముట్టుకోవచ్చు. కాబట్టి ఆమె ఏకిన దూది గంపలో తెచ్చి పెళ్లివారి ముంగిట్లో దించేది. మేం రెల్లుచాపల మీద ఎర్రపట్టు విప్పగానే మోకాళ్లు దులుపుకుని లేచి వెళ్లిపోయేది. ఎవరూ పొమ్మనేవాళ్లు కాదు. అనవలసిన అవసరం రాలేదు.

మా కుట్టు దండుకు పెద్ద హావ్ అత్త. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు, పళ్లన్నీ గట్టిగా ఉన్న మొగుడు. ఆమె కంటే నిండుమనిషి చుట్టుపక్కల ఊళ్లలో లేదు, ఆమె నోటికి జడవని మనిషీ లేదు. పని మధ్యలో మాలో ఎవరు లేచినా సూది మీంచి తల ఎత్తకుండానే అడిగేది.

"ఎక్కడికే? ఇంట్లో నీ మొగుడు గిన్నె పట్టుకుని కూర్చున్నాడా?"

"కూర్చుంటే కూర్చోనీ అత్తా, గిన్నె నాకుతాడు" అనేదాన్ని నేను. అందరం నవ్వేవాళ్లం. చియావో పెద్దమ్మ లేచినప్పుడు మాత్రం హావ్ అత్త నోరు మెదిపేది కాదు. దారం చిక్కు తీస్తున్నట్టు తల ఇంకాస్త వంచేది.

దువాన్ వదిన కూతురు హైతాంగ్ పెళ్లికి ముందురోజు జరిగిన సంగతి చెబుతాను. హైతాంగ్ చంటిపిల్లగా ఉన్నప్పుడు దువాన్ వదిన ఇటుకబట్టీలో పనికి పోతూ పిల్లను చియావో పెద్దమ్మ పెరట్లో వదిలేసేది. ఆ పిల్ల విల్లు చప్పుడుకే నిద్రపోయేది, దూది కుప్పలో పడి దొర్లేది. పెళ్లి కుదిరాక తల్లిని ఒకే ఒక్కటి అడిగింది.

"చియావో నానమ్మ కూడా కుడితే ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుందో చూడాలని ఉందా నీకు? నోరు మూసుకో" అంది దువాన్ వదిన. కసురుకుందే గాని, మళ్లీ ఆ పూటంతా కూతురి మొహం చూడలేకపోయింది.

ఆ రోజు మధ్యాహ్నానికి రజాయిలన్నీ అయ్యాయి, ఒక్కటి మిగిలింది. జంటబాతుల పట్టుది, మొదటి రాత్రి కప్పుకునేది. త్వరగా పిల్లలు పుట్టాలని నాలుగు మూలల్లోనూ ఖర్జూరాలు, వేరుశనగలు పెట్టి, పిల్లల గురించి పాడు జోకులు వేసుకుని, అంచులు మడిచి కుట్టేశాం. మధ్య వరసలు సాగుతున్నాయి. అప్పుడే దువాన్ వదిన నూడుల్స్ తెచ్చింది. హావ్ అత్త కొత్త వరస మొదలుపెట్టి నాలుగు కుట్లు వేసి ఉంది. సూదిని రజాయిలోనే గుచ్చి గిన్నె అందుకుంది. ఎండ కొడుతోందని నేనూ మరొకావిడా రజాయి మూలలు పట్టుకుని చూరు కిందికి జరిపాం.

తిని వచ్చేసరికి చాప మీద ఎర్రదారం పడి ఉంది. దానికి సూది లేదు.

ఒక మాట చెప్పాలి. పెళ్లి రజాయి దారానికి మేం ముడి వేయం. ముడి ఉంటే కాపురంలో అడ్డు పడుతుందని. మొదటి నాలుగు కుట్లే ఆ దారాన్ని పట్టుకోవాలి. మేం లాగిన లాగుడుకు దారం జారి బయటికొచ్చింది, సూది దూదిలోకి పోయింది. ముడి ఉంటే దారం చివర పట్టుకుని సూది దాకా వెళ్లేవాళ్లం.

"కింద ఎక్కడో పడి ఉంటుంది, చూడండి" అంది హావ్ అత్త. ఆమె గొంతు అలా పలచబడటం నేనెప్పుడూ వినలేదు. ముంగిలి ఊడ్చాం, దుమ్ము జల్లెడ పట్టాం. దువాన్ వదిన మరిది పాడైపోయిన లౌడ్‌స్పీకరు పగలగొట్టి అందులోని సూదంటురాయి తెచ్చాడు. ఆ దూది మందానికి దాని బలం చాలలేదు. చేతులతో తడిమితే ఒకామె "ఇదిగో, దొరికింది" అంది. వేరుశనగ. మరొకామెకు ఖర్జూరం దొరికింది. ఎవరికీ నవ్వు రాలేదు.

"విప్పి చూద్దాం" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. "కాపురం మొదలవకముందే కుట్లు విప్పుతావటే?" అంది దువాన్ వదిన. ఆమె కళ్లు నిండిపోయాయి. పొద్దున్నే రజాయిలు బండెక్కాలి. జంటబాతుల రజాయి లేకుండా పిల్లను ఎలా పంపడం? సూది ఉన్న రజాయి కప్పి ఎలా పడుకోబెట్టడం? దీపాలు పెట్టాక పెళ్లిగుడ్డ ముట్టకూడదు. పొద్దు అప్పటికే గోడ దిగుతోంది.

హైతాంగ్ ఎప్పుడు బయటికి వెళ్లిందో మేం చూడలేదు. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో చియావో పెద్దమ్మ చేయి ఉంది. పెద్దమ్మ కనురెప్పల మీద ఇంకా దూది నూగు ఉంది. గడప దగ్గర ఆగిపోయింది.

"హైతాంగ్, ఆలోచించే తెచ్చావా?" అంది హావ్ అత్త.

"సూది నీదే కదా హావ్ నానమ్మా, నువ్వు తియ్యి. తీస్తే ఈమెను తీసుకెళ్లిపోతాను" అంది హైతాంగ్. ఆ పిల్లకు అంత నోరుందని ఆ రోజే తెలిసింది.

హావ్ అత్త మొహం కందిపోయింది. చియావో పెద్దమ్మే కల్పించుకుంది. "నేను ముట్టను వదినా. పిల్ల ముడుతుంది. పిల్ల చేతి మీదే నా చేయి ఉంటుంది. అది కూడదని ఎక్కడైనా ఉందా?"

ఎక్కడా లేదు. అలాంటిది ఎవరికీ తట్టి ఉండదు.

పెద్దమ్మ చేతులు కడుక్కుని, వేడెక్కేదాకా రుద్దుకుంది. హైతాంగ్‌ను రజాయి పక్కన కూర్చోబెట్టి తను వెనక కూర్చుంది. పిల్ల చేతుల వెనకవైపు తన అరచేతులు ఆనించి, వేళ్ల కొసలు పైకి మడుచుకుంది, గోరు కూడా పట్టుకు తగలకుండా. కళ్లు మూసుకుంది.

"నొక్కకు. నొక్కితే దూది అబద్ధం చెబుతుంది."

"నొక్కట్లేదు నానమ్మా."

"నీ చేయి బిగుసుకుంది. పెళ్లికూతురివి కాదనుకో, చంటిపిల్లవనుకో. నా పెరట్లో పడుకున్నావు."

హైతాంగ్ భుజాలు మెల్లిగా దిగాయి. ఆ నాలుగు చేతులు రజాయి మీద కదలడం మొదలైంది. ఒక చివర నుంచి రెండో చివరకు, మళ్లీ ఇటు. వెలుగు చూరు అంచుకు చేరింది. సగం దాటాక పెద్దమ్మ ఆగింది.

"ఏమైంది? నాకేం తగల్లేదే" అంది హైతాంగ్.

"తగలదు. ఇక్కడ దూది పక్కకు ఒత్తిగిలింది. దేనికో చోటిచ్చింది." చేతుల్ని కాస్త వెనక్కి జరిపింది. "ఆఁ. ఏటవాలుగా ఉంది. మొన అస్తరు వైపు. కింది నుంచి నీ బొటనవేలు ఆనించు. వేలు గుచ్చుకుంటే అరవకు."

గుచ్చుకుంది. హైతాంగ్ అరవలేదు. తెల్ల అస్తరు పోగుల మధ్య నుంచి సూదిమొన బయటికి తొంగిచూసింది. పిల్ల దాన్ని పట్టి మెల్లిగా లాగింది. పెద్దమ్మ చెప్పగా గోటితో అక్కడ గీరితే పోగులు దగ్గరకు వచ్చి కలిసిపోయాయి. రంధ్రం ఎక్కడో వెతికినా నాకు కనిపించలేదు.

మరొకరి చేతి కండ, పట్టు, అంత దూది, ఇన్ని దాటి ఆ అరచేయి ఒక్క సూదిని ఎలా చేరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. గుడిలో కూడా నేనెప్పుడూ అంత భయభక్తులతో నిలబడలేదు. ఇన్నేళ్లూ ఆ చేతుల్ని గడప దాటనివ్వని దండులో నేనూ ఒకదాన్నని తలుచుకుంటే ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

పెద్దమ్మ అప్పటికే లేచి నిలబడి, దేన్నీ ముట్టని చేతుల్ని చొక్కా అంచుకు తుడుచుకుంటోంది. దువాన్ వదిన నూడుల్స్ గిన్నె తెచ్చి బతిమాలింది.

"తర్వాత తింటాలే. దీపం పెట్టకముందే ఆ వరస ముగించండి" అంది పెద్దమ్మ. గడప దగ్గర మళ్లీ వెనక్కి తిరిగింది. "ఎడమ అంచున దూది పలచగా ఉంది. నేనిచ్చింది చాలినంతే. మీకు పరవడం రాక."

హావ్ అత్త ఆ మాట పడింది. సూదికి దారం ఎక్కించడానికి మాత్రం ఆమెకు చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడు శరదృతువులో హావ్ అత్త మనవరాలి పెళ్లి వచ్చింది. మేం చాపలు పరిచాం. చియావో పెద్దమ్మ ఎప్పటిలాగే గంప తెచ్చి దించింది. దూదిని ఒకసారి పైపైన గుల్ల చేసింది. ఎర్రపట్టు మడత విప్పారు. ఆమె మోకాళ్లు దులుపుకుని లేచింది.

సూది మీంచి తల ఎత్తకుండానే హావ్ అత్త అడిగింది.

"ఎక్కడికే? ఇంట్లో నీ మొగుడు గిన్నె పట్టుకుని కూర్చున్నాడా?"

మా చేతులన్నీ ఆగిపోయాయి. ఆమెను ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అనలేదు. అనకూడని మాట. హావ్ అత్త చెవుల దాకా ఎర్రబడింది గాని, మాట వెనక్కి తీసుకోలేదు.

చియావో పెద్దమ్మ ఆమె వంక చూసింది. తర్వాత పెదవి ఒక పక్కకు వంగింది.

"లేడుగా" అంది. "జరుగు మరి."

హావ్ అత్త జరిగింది.