గురువారం పిల్ల, శనివారం కార్డు

మామె అరబా జ్వరాన్ని కూడా నమ్మేది కాదు. ఆడపిల్లల బోర్డింగు హైస్కూల్లో ఆవిడ మేట్రన్. ఒళ్ళు వెచ్చగా ఉందని పిల్ల వస్తే, థర్మామీటరు పెట్టేముందు నోరు తెరిపించి, వేడి టీ తాగి వచ్చిందేమోనని వాసన చూసేది. తర్వాత చంకలో చెయ్యి పెట్టి, ఉల్లిపాయ ఉందేమోనని తడిమేది. చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరమొస్తుందన్న విద్య ఏ దేశపు పిల్లలు ఏ దేశపు పిల్లలకు నేర్పారో గాని, ఓడలు ఆగే ప్రతి రేవులోనూ అది ఉంది. సుగంధ ద్రవ్యాల కన్నా ముందే ప్రయాణం చేసి ఉంటుంది.

ఓడలంటే గుర్తొచ్చింది. మామె అరబా మొగుడు ఓడ మీద పనికని వెళ్ళాడు. నడిసముద్రంలో ఉన్నామనీ, తుఫాను పట్టిందనీ, ప్రార్థించమనీ ఉత్తరాలు రాసేవాడు. ఆవిడ మోకాళ్ళు కాయలు కాచేలా ప్రార్థించేది. ఒకనాడు ఆవిడ చెల్లెలు టకొరాడి రేవు బజారుకు వెళితే, అక్కడ బావగారు రొట్టె బేరమాడుతున్నాడు. పక్కన ఒకావిడ, ఆవిడ వీపున గుడ్డతో కట్టుకున్న పసిపిల్ల. "తుఫాను తగ్గినట్టుంది బావా!" అని పలకరించి వచ్చేసింది చెల్లెలు. ఆనాటి నుంచి మామె అరబాకు కాగితం మీద రాసి ఉన్నదేదీ అంత తేలిగ్గా మింగుడుపడేది కాదు.

అలాంటి మనిషికి ఆ బడి సరిగ్గా సరిపోయింది. బడికి నియమాలు చాలా ఉన్నా, ఆవిడ చేతిలో ఉన్నవి మూడు. నీలం గళ్ళ గౌను తప్ప ఒంటి మీద ఇంకేమీ కనపడకూడదు. టీకాలూ రక్తం వివరాలూ రాసిన ఆరోగ్య కార్డు చూపనిదే మంచం ఇవ్వకూడదు. తెల్లవారి హాజరులో పేరు పిలిస్తే పలకాలి. మొదటిదీ మూడోదీ తప్పితే గడ్డి కోయిస్తారు. తప్పుడు కార్డు తెస్తే మాత్రం పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే.

"మేడమ్, మీరు స్వర్గానికి వెళ్ళినా పీటరు గారి తాళంచెవులు అసలువో నకిలీవో కొరికి చూస్తారు," అనేది వంటమనిషి ఎసి.

"చూడాలి మరి. గేటు దగ్గరున్న వాడల్లా పీటరేనని నీకెవరు చెప్పారు?"

ఆ ఏడు కొత్తగా చేరిన పిల్లల్లో ఆబా క్వాన్సా అని ఒకతె వచ్చింది. సన్నగా, పొడుగ్గా, బడి కోసం అప్పుడే గొరిగించుకున్న తలతో, పెట్టె మీద కూచుని ఉంది. కార్డు తెరిచి పుట్టినరోజు చూడగానే మామె అరబా చేతులు ఆగిపోయాయి. అది, ఏడుతో సహా, తన తల్లిని పాతిపెట్టిన రోజు. పిల్లల పుట్టినరోజులు మరచిపోయే తల్లులుంటారేమో గాని, తల్లిని సాగనంపిన రోజు ఎవరు మరచిపోతారు? ఆ తీరంలో మనిషి ఏ వారం పోయినా, మట్టి చెయ్యడం శనివారమే. శనివారం పుట్టిన ఆడపిల్ల ఆమా. గురువారం పుట్టింది ఆబా. పేరు పెట్టేది తల్లీ తండ్రీ కాదు, వారం. మరి ఈ శనివారపు పిల్ల ఆబా ఎలా అయింది?

"ఏ రోజు పుట్టావే?"

"గురువారం మేడమ్."

"మీ అమ్మమ్మ పేరు పెట్టారా?"

"కాదు మేడమ్, నాదే. మా అమ్మ పొద్దున్నంతా పొయ్యి మీద చేపలకు పొగబెట్టి, సాయంత్రం నన్ను కన్నదట. గురువారమే."

"గురువారం," అని మామె ఆ మాటను నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పటికి మంచం చూపించింది. ఎందుకంటే అంతకు ముందొకసారి, ఒక పిల్ల అమ్మమ్మ చావు అబద్ధమని హెడ్మిస్ట్రెస్ అర్కా గారి దగ్గర బల్లగుద్ది చెబితే, వారం తిరక్కుండా ఆ చావు తాలూకు నల్లబట్టల వాళ్ళంతా పిల్లను తీసుకెళ్ళడానికి వచ్చారు. "అరబా, ఇకమీదట అనుమానం నీ దగ్గర పెట్టుకో, రుజువు నా దగ్గరికి తే," అంది ఆవిడ.

రుజువు కోసం మామె కాపు కాసింది. ఇది ఆమానే, ఎవరి సీటులోనో ఆబా పేరుతో వచ్చి కూచుంది అని ఆవిడ లెక్క. ఒకనాడు భోజనాల గదిలో వెనకనుంచి "ఆమా!" అని గట్టిగా కేకేసింది. ఎవరికైనా తెలిసిన సంగతే, అలా పిలిస్తే గదిలో ఏడో వంతు తలలు తిరుగుతాయి. తిరిగాయి. మిగతా వాళ్ళు కూడా ఏమిటా అని చూశారు. ఆబా మాత్రం 'గారి' అనే కర్రపెండలం పిండిలో కారపు ముద్ద కలుపుకుంటూ తల ఎత్తలేదు.

"చూశావా?" అంది మామె ఎసితో.

"ఏముంది చూడ్డానికి? తనది కాని పేరు, పలకలేదు."

"గదంతా తిరిగినా ఇది తిరగలేదంటే, ఎంత తర్ఫీదు ఇచ్చి పంపారో చూడు!"

ఎసి గరిటె పైకెత్తి దేవుడికి దండం పెట్టింది.

చూసేకొద్దీ చిక్కులు దొరికాయి. ఆ పిల్ల ఎప్పుడూ సీసా పట్టుకు తిరిగేది. మామె లాక్కుని వాసన చూసింది, సారా ఏమోనని. నీళ్ళు. నీళ్ళేనని తేలేసరికి అనుమానం రెట్టింపయింది. నీళ్ళు దాచుకునే వాళ్ళుంటారా? తెల్లవారి అందరూ చన్నీళ్ళు పోసుకుంటుంటే ఈ పిల్ల ఉండదు. మధ్యాహ్నం బకెట్టు ఎండలో పెట్టి, వేడెక్కాక ఒంటరిగా పోసుకుంటుంది. ఒంటరిగా ఎందుకు? ఒంటి మీద ఏముంది, ఎవరూ చూడకూడనిది?

ఇంతలో ఉత్తరాన ఎడారి నుంచి హర్మటన్ అనే చలిగాలి దిగింది. పెదవులు పగిలాయి, కొండలు దుమ్ములో మాయమయ్యాయి, తెల్లవారి నీళ్ళు ముట్టుకుంటే కొరికాయి. దుస్తుల తనిఖీలో ఆబా గౌను మెడ దగ్గర ముతక ఊలు అంచు కనిపించింది.

"అదేమిటి?"

"స్వెట్టర్ మేడమ్."

"గౌను కిందా? నిన్న మధ్యాహ్నం ఎండలో కూడా ఉంది. లోపల ఏం దాచావు?"

"ఏం లేదు మేడమ్."

మామె తడిమి చూసింది. తిండిపొట్లం లేదు. పొట్ట చదునుగా ఉంది. ఏమీ దొరకకపోవడమే ఆవిడకు నచ్చలేదు.

"తియ్యి. రేపటినుంచి తెల్లవారి అందరితో పాటే చన్నీళ్ళ స్నానం, ఆ వెంటనే హాజరు. నీకో రూలు, ఊరికో రూలు లేదు."

పిల్ల ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. ఆ మూసుకోవడం మామె చూసింది. దొరికావులే, అనుకుంది. స్వెట్టర్ మడిచి అలమారలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు హాజరులో "ఆబా క్వాన్సా!" అని పిలిస్తే జవాబు లేదు. మళ్ళీ పిలిచినా లేదు. స్నానాల గది మెట్ల మీద దొరికింది, మోకాళ్ళు కావిలించుకుని, రొయ్యలా ముడుచుకుని. మామె అలవాటుగా చంకలో చెయ్యి పెట్టింది. ఉల్లిపాయ లేదు. చెయ్యి మోకాలికి తగిలింది. పెనంలా కాలుతోంది, వాచి ఉంది. ఉల్లిపాయ మోకాలిని కాల్చదు.

ఆసుపత్రికి టాక్సీలో పిల్ల తల మామె ఒళ్ళోనే ఉంది. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పెదవి కొరుక్కునేది తప్ప అరవలేదు.

"ఆ కార్డు ఎవరిది?" అంది మామె.

పిల్ల మొహం సీటు వైపు తిప్పుకుంది.

"పిల్లా, నిన్ను పట్టుకోడానికి అడగడం లేదు."

"అందుకే అడుగుతున్నారు మేడమ్."

మామె కిటికీలోంచి కాసేపు దుమ్ము చూసింది. "సరే, అందుకే. అయినా చెప్పు."

"పక్కింటి ఆమాది. పైన పేరొక్కటే మార్చాం. నా కార్డులో సికిల్ సెల్ అని రక్తం జబ్బు రాసి ఉంది. చలి తగిలినా, ఒంట్లో నీళ్ళు తగ్గినా ఎముకల్లో ఇలా నొప్పి వస్తుంది. ముందు చేరిన బడిలో నా కార్డే చూపించాం. రేపేమైనా అయితే మా మెడకు చుట్టుకుంటుందని పెట్టె గేటు బయట పెట్టించారు." కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ అంది, "చెప్పకండి మేడమ్. నొప్పి అదే పోతుంది. ఇంటికి పంపితే ఇంక ఏ బడీ ఉండదు."

పేరు నిజం, తేదీ అబద్ధం. ఇన్నాళ్ళూ మామె నిజాన్ని అనుమానించి, దాని పక్కనున్న అబద్ధాన్ని ఆధారంగా పట్టుకు తిరిగింది.

ఆసుపత్రిలో డాక్టరు కార్డు అడిగితే ఆవిడ ఇవ్వలేదు. "ఇది ఈ పిల్లది కాదు బాబూ. ఈమెకు సికిల్ సెల్."

"రక్తం ఎలాగూ చూస్తాం అమ్మా. ముందే చెప్పారు, మంచిదైంది," అని ఆయన పరదా లాగాడు. పరదా వెనక పిల్ల కళ్ళు మూసుకుంది. మాట దాటిపోయిందని అర్థమైంది ఆమెకు.

సాయంత్రం మామె అరబా హెడ్మిస్ట్రెస్ ముందు నిలబడింది. అర్కా గారు అంతా విని కళ్ళద్దాలు తీసింది.

"మొత్తానికి ఈసారి రుజువు తెచ్చావు. తప్పుడు కార్డు. పెట్టె సర్దించు."

"అందుకు రాలేదమ్మా. స్వెట్టర్ తీయించింది నేను. చన్నీళ్ళ కింద నిలబెట్టింది నేను. అది కూడా రాసుకోండి."

అర్కా గారు ఆవిడను పైనుంచి కిందికి చూసింది. "అరబా, నిజం చెప్పు. ఆ తల్లి నీకేమైనా ముట్టజెప్పిందా?"

తన చూపు ఎలా ఉంటుందో ఎదుటి మనిషి మొహంలో చూడటం మామెకు అదే మొదలు.

"అడగాల్సిన మాటే అడిగారు. మీ చోట ఉంటే నేనూ అడిగేదాన్ని. లేదు. ఆ తల్లి మొహం కూడా నేను చూడలేదు. ఒక్క మాట చెప్పండి, మన గేటు దగ్గర ఆ పిల్ల నిజం కార్డే చూపించి ఉంటే ఏం చేసేవాళ్ళం?"

"నువ్వే చెప్పు."

"నేనైతే వెనక్కి పంపేదాన్ని."

బయట గంట కొట్టారు. అర్కా గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. "తల్లిని నిజం కార్డు తెమ్మను. స్వెట్టర్ నీలం రంగుదై ఉండాలి. రేపు ఏదైనా అయితే పూచీ ఎవరిది?"

"నాది."

"దేవుణ్ణి కూడా కొరికి చూసే మనిషివి, పిల్లకు పూచీ పడతావా? అంత నమ్మకం ఎక్కడిది?"

"నమ్మకం కాదమ్మా. కనిపెట్టుకుని ఉంటాను."

కనిపెట్టడం ఆవిడకు కొత్త కాదు గనక అర్కా గారు సంతకం పెట్టింది.

తల్లి ఎకువా వారంలోపే వచ్చింది, ఒంటినిండా చేపల పొగ వాసనతో, చంకలో గుడ్డమూటతో. కార్డు బయటికి తీసింది గాని చేతిలోంచి వదల్లేదు.

"ఇది ఇచ్చాక నా కూతుర్ని పంపించేస్తారుగా అక్కా? ముందు మాటివ్వండి."

"ముందు కార్డు ఇవ్వు."

"ముందు మాట."

"నువ్వు నన్ను నమ్మవా?"

"మీరు నన్ను నమ్ముతున్నారా ఏం?"

కార్డు అటు కొస ఒకరి చేతిలో, ఇటు కొస ఒకరి చేతిలో. గుమ్మంలో నిలబడ్డ ఎసి, ఎవరు లాగినా చిరుగుతుందని గుడ్లప్పగించి చూస్తోంది. మామె ముందు వదిలింది.

"ఉంటుంది. నీ పిల్ల ఇక్కడే ఉంటుంది."

ఎకువా కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, కార్డు బల్ల మీద పెట్టింది. మామె పుట్టినరోజు చదివింది. వేళ్ళ మీద ఏదో లెక్కవేసి, కుదరక వదిలేసింది.

"గురువారమే అక్కా," అంది ఎకువా. "ఇంకా అనుమానమేనా?"

"లేదు. ఆదివారం చర్చిలో పాత క్యాలెండరు ఒకసారి చూసి వస్తాను."

చూసి వచ్చింది. గురువారమే.

హర్మటన్ ఇంకా తగ్గలేదు. ఆబా నీలం స్వెట్టర్లో మంచం మీదినుంచే హాజరు పలుకుతోంది, స్నానం ఎండ ఎక్కాక. ఎసి బకెట్టు మోసుకొచ్చి, "వేణ్ణీళ్ళే మేడమ్, నా చేత్తో కాచాను," అని గుమ్మంలో పెట్టింది.

మామె అరబా గౌను చెయ్యి పైకి లాక్కుని, మోచెయ్యి ముంచి చూసింది.