మందు పడ్డాక తీసిన రక్తం

మర్నాడు పొద్దున్నే మా ఆవిణ్ణి తీసుకొస్తానని పద్దెనిమిదేళ్ల కిందట నేను మాటిచ్చి తప్పిన మనిషి, రక్తపరీక్షలు చేసే ల్యాబు మాస్టారు, పోయిన మంగళవారం బందరులో పోయారు. కబురు విన్నాక చేతిలోని పేపరు మడిచి బల్లమీద పెట్టాను. అంతే. ఏడుపు రాలేదు.

ఎవరొచ్చి టైఫాయిడ్ టెస్ట్ చేసెయ్యమన్నా ఆయన ముందు "జ్వరం ఎన్నో రోజండీ?" అని అడిగేవారు. రెండో రోజంటే పంపేసేవారు. "ఇప్పుడే అడిగితే కాగితం అబద్ధం చెబుద్దండి. అబద్ధమే కావాలంటే ఎదురు ల్యాబులో త్వరగా ఇస్తారు." కృత్తివెన్ను రొయ్యల చెరువాయన ఒకసారి పాజిటివ్ కాగితం పట్టుకుని బెంబేలెత్తిపోతే, "పాత జ్వరం మిగిల్చిన గుర్తయినా కావచ్చు. డాక్టరుగారు చూడాల్సింది మిమ్మల్నండీ" అని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు.

మా ఆవిడకు జ్వరం వచ్చిన నాలుగో రోజు గుడివాడలో పరీక్ష చేయిస్తే టైఫాయిడ్ లేదన్నారు. ఆ కాగితం ఆయనకు చూపించాను.

"ఇంత తొందరగా లేదంటే నమ్మకండి. మందు పడకముందే రక్తం తీసి సీసాలో కల్చర్ పెడదాం. క్రిమి ఉంటే పెరిగి కనబడుద్ది. రేపు తీసుకొచ్చెయ్యండి."

సరేనన్నాను. ఇంటికొచ్చేసరికి మా అక్క భర్త కూర్చుని ఉన్నాడు. నందివాడలో డిగ్రీ లేకుండా సూదిమందులిచ్చే వైద్యుడు.

"కల్చరా? ఆ సీసా వంక చూస్తూ జాగారం చేస్తావేవోయ్? పుస్తకాలు చదివి చదివి చెడిపోయావు" అని బావ అప్పుడే సూది పొడిచాడు. రెండు రోజులకి జ్వరం దిగి మళ్లీ ఎక్కింది. అప్పుడు తీసుకెళ్లాను. మాస్టారు సూది ఎప్పుడు పడిందో అడిగి రాసుకుని రక్తం తీశారు.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. రిపోర్టు అడుగున ఆయన తెలుగులో రాసిచ్చారు: "మందు పడ్డాక తీసిన రక్తం. దీన్నిబట్టి జబ్బు లేదనుకోవద్దు." బావ పై వరస చదివి, "చూశావా, ఏమీ లేదు" అని సూదులు ఆపేశాడు. మూడో వారంలో పేగుకు చిల్లు పడింది. ఆవిడ ఆపరేషన్ బల్లమీదే పోయింది.

ల్యాబు వాడి తప్పుడు రిపోర్టు వల్లే పోయిందని బావ ఊరంతా చెప్పాడు. నా బీరువాలో ఉన్న కాగితం తీసి చూపిస్తే సరిపోయేది. చూపించలేదు. మాస్టారు పెద్దకర్మకు వచ్చి, చివర కూర్చుని భోంచేసి వెళ్లారు. తర్వాత ఎక్కడ కలిసినా, "నీళ్లు కాచుకునే తాగుతున్నారా అండీ?" అనేవారు.

అడుగున రాసిన వరస ఆ రోజు నేనూ చదివాను. చదివి కూడా నోరెత్తలేదు. అయినా ఈ రోజుకీ నేను తిట్టుకునేది మా బావనే.