చెరపని గీతలు

నాకు ఎడిటింగ్ నేర్పిన మేడమ్ గారు పోయిన వారం గుంటూరులో కన్నుమూశారు. ఆవిడ తీసిన డాక్యుమెంటరీ త్వరలో మళ్లీ తెర మీదికి వస్తోంది. అందులో ఒకచోట ఒక ముఖం మీద గీతలు కనిపిస్తాయి. పాత ఫిల్మును బాగుచేసిన మేము పని సగంలో వదిలేశామని చూసేవారు అనుకోవచ్చు. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

స్త్రీలను ప్రేమించిన స్త్రీల గురించి, పురుషులను ప్రేమించిన పురుషుల గురించి ఇక్కడ ఎవరూ పైకి మాట్లాడని రోజుల్లో ఆవిడ కెమెరా భుజాన వేసుకొని మిరప కల్లాలకూ, చీరాల మగ్గాల దగ్గరికీ వెళ్లారు. ఎవరిని చిత్రించబోయినా ముందు "తీయమంటారా?" అని అడిగేవారు. మిరపకాయల రాశిని తీయాలన్నా రైతును అడగడం నేను చూశాను.

మాకు మొదట దొరికిన ప్రింటులో, తుళ్లూరు దగ్గరి కల్లంలో, కలిసి బతుకుతున్న ఇద్దరు స్త్రీలు మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. ఒకామె ముఖం నిండా సన్నని గీతలు. ఫిల్ము అరిగిందనుకున్నాను. కానీ అరుగుదల గీతలు నిలువునా సాగిపోతాయి. ఇవి ఆమె తల ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాయి. ఎందుకో అంతుబట్టలేదు. తరువాత, మూతపడిన ఒక ల్యాబు నుంచి, ఆ ప్రింటుకు మూలమైన నెగెటివ్ వచ్చింది. అందులో గీతలు లేవు. ఆ ముఖం నవ్వుతోంది.

మేడమ్‌ను పిలిచి చూపించాను. ఆవిడ ఆ ముఖం చూడకుండా కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు.

"ఆ గీతలు నేనే గీశానమ్మాయ్, సూదితో. సినిమా అయ్యాక ఆమె వచ్చి, ఊళ్లో బతకాలండీ, నా మొహం వద్దండీ అంది."

"ఇప్పుడు కాలం మారింది కదండీ?"

"మారిందని నీకెవరు చెప్పారు? ఆమె చెప్పిందా?"

ఆ దృశ్యంలో పక్కనున్న రెండో ఆమె చనిపోయిందని మేడమ్‌కు తెలుసు. గీతలున్న ఈమెనే అడుగుదామని ఇద్దరం బయలుదేరాం. కల్లం ఉన్నచోట వెడల్పాటి రోడ్డు. టీకొట్టాయన నవ్వాడు. "ఇల్లెక్కడంటారేంటండీ! ఇక్కడిప్పుడు ఇళ్లు లేవు, ప్లాట్లున్నాయి. నంబరు చెప్పండి."

మేడమ్ పగలబడి నవ్వారు. ఆ నవ్వును ఫోనులో తీయబోయాను.

"అడిగావా?"

అప్పుడు అడిగాను. "సరే, తియ్యి" అన్నారు.

ఆమె ఆచూకీ దొరకలేదు. పేరు మేడమ్ నాకూ చెప్పలేదు. నెగెటివ్‌ను విడిగా భద్రపరిచాం. దుమ్మూ మరకలూ తుడిచి, గీతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాం.

ఆ దృశ్యం చివర ఆమె కన్ను మండుతుంది. మిరప ఘాటు అంటిన చేతులతో తుడుచుకోలేక మొహం ముందుకు చాస్తుంది. పక్కనున్నామె చేతులకూ అదే ఘాటు. అందుకని వంగి, భుజం మీది పైటను ఆ కంటికి ఆనిస్తుంది. మేడమ్ సూది ఆ భుజాన్ని తాకలేదు.

ఆ గీతల వెనకున్న ఆమె ఇప్పుడు ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఉంటే, ఈ గీతలు ఇంకా కావాలంటుందో, ఇక చాలంటుందో తెలియదు.