సున్నం రాయని కుండ

తాటి బెల్లం ఎంత తియ్యగా ఉంటుందో అందరికీ తెలుసు. అది వండే పెనం ఎంత దరిద్రంగా ఉంటుందో మాకే తెలుసు. చెట్టుకు కట్టే కుండకు లోపల సున్నం రాస్తాం. సున్నం ఉంటే తెల్లారేసరికి తియ్యటి నీరా దిగుతుంది, లేకపోతే కల్లు దిగుతుంది. తేడా అంతే. ఆ నీరాను ఎంత తేర్చినా, ఎన్ని గుడ్డల్లో వడకట్టినా, కొంత సున్నం తప్పించుకుని పెనంలోకి వచ్చేస్తుంది. మరిగేకొద్దీ అడుగున కూర్చుంటుంది. పళ్ళకు గార పట్టినట్టే పెనానికీ పడుతుంది. పళ్ళ గారతో మనిషి నూరేళ్ళు బతకొచ్చు. పెనం గారతో బెల్లం బతకదు. గార మందమైతే మంట వేడి పైకి రాదు. తాటిమట్టలు మోపులకు మోపులు తగలబడతాయి. ఎక్కడో ఒకచోట గార పగిలి, అక్కడ పాకం మాడుతుంది. మాడింది అరచెయ్యంత మేరే అయినా వాసన వాయి మొత్తానికీ అంటుతుంది.

విశాఖపట్నం నుంచి వచ్చి మా బెల్లం కొనుక్కెళ్ళే కుర్రాడొకడు ఉన్నాడు. "సున్నం వెయ్యకుండా చెయ్యండి మేడమ్, కస్టమర్లు అడుగుతున్నారు" అన్నాడు ఒకసారి.

"సున్నం ఎయ్యకపోతే అది బెల్లం అవదు బాబూ, ఇంకోటి అవుతాది" అన్నాను. ఆ ఇంకోదానికి కస్టమర్లు ఎక్కువని అతనికి చెప్పలేదు.

గార వదిలించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఇనప రేకుతో గీకితే పెనానికి గాట్లు పడతాయి, తరువాత పట్టే గార ఆ గాట్లలో దిగి ఇంకా మొండిగా కూర్చుంటుంది. చింతపండు పులుసుకు పల్చటి గార పోతుంది గానీ, మందం గారకు పెళ్ళి వంటకు పట్టేంత చింతపండు కావాలి. నరసన్నపేటలో ఒక షాపాయన బాత్రూం కడిగే యాసిడ్ చూపించాడు. ఆ పెనంలో మేం బెల్లం వండుతామని చెప్పాను. "బాగా కడుక్కోండి మరి" అన్నాడు. అలాంటి మనిషితో ఇంక మాట్లాడేదేముంటుంది? అసలైన మందు పులిసిన కల్లు. పొయ్యి ఆర్పి, పెనంలో కల్లు పోసి ఒక రోజంతా వదిలేస్తే గార నాని మెత్తబడుతుంది. కొబ్బరి పీచుతో తోమితే బురదలా ఊడివస్తుంది. అడుగున ఇనుము నల్లగా నిగనిగలాడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, మా ఆయన తాగుబోతు.

మానేసి చాలా ఏళ్ళయింది. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మానేశాడు, మళ్ళీ ముట్టలేదు. అయినా నేను మాత్రం తాగుబోతు అనే అనుకుంటాను. ఎందుకంటే మా పాత పెనాన్ని ఆయన అమ్మి తాగేశాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికి పొయ్యి ఉంది, పొయ్యిలో నిప్పు ఉంది, పెనం లేదు. అంత వేడి పెనాన్ని ఎలా మోసుకెళ్ళాడో ఇప్పటికీ చెప్పడు. ఇప్పుడున్న పెనం ఆయన మానేశాక ఇద్దరం కూలికెళ్ళి కొన్నది. ఆ పెనం పోతే మళ్ళీ కొనుక్కోగలం. ఆయన మళ్ళీ మొదలుపెడితే మాత్రం ఇంకోసారి భరించే ఓపిక నాకు లేదు. ఉన్న మాట చెబుతున్నాను.

అందుకని పెనం కడిగే రోజు నాకు కాపలా రోజు. ముందురోజు సాయంత్రం కుండలన్నిటికీ ఆయనే సున్నం రాస్తాడు, పెనానికని రెండు వదిలేస్తాడు. తెల్లారి ఆ రెండూ దిగే వేళకు చెట్టు కింద నాకేదో పని పడుతుంది. ఎండుటాకులు ఏరుతుంటాను, లేదా మేక కోసం వెతుకుతుంటాను. మాకు మేక లేదు. కల్లు పెనంలో పోశాక దానికెదురుగా పీట వేసుకుని తాటాకు చాప అల్లుతూ కూర్చుంటాను. గార కలిసిన కల్లు ఎవరు తాగుతారని మీకు అనుమానం రావచ్చు. అలా అడిగేవాళ్ళెవరూ తాగుబోతుతో కాపరం చేసి ఉండరు. ఆయన నా ముందు నుంచే అటూ ఇటూ తిరుగుతూ మట్టలు కొడతాడు, చెట్టెక్కే మోకు సరిచూసుకుంటాడు. పెనం వైపు చూడడు. చూడకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఒక ఏడాది సరిగ్గా ఆ రోజే శ్రమ దినాల కూడిక, అదే ఈస్టరు ముందు ఇంటింటా పెట్టే ప్రార్థన, మా ఇంటికి వచ్చింది. జరగాల్సిన ఇంట్లో ఎవరికో జ్వరమొచ్చిందట. మధ్యాహ్నం కబురు చేసి సాయంత్రానికి సంఘమంతా దిగిపోయింది. పెనం మీద టార్పాలిన్ కప్పి, దానిమీద ఇంకా అవని చాప కప్పి, ముందు కుర్చీలు వేశాను. వాసనకు ఏం కప్పుతాం? మూడో పాటకు అందరి ముక్కులూ పెనం వైపు తిరిగాయి. తాగుడు నుంచి ప్రభువు తనను ఎలా లేవనెత్తాడో సాక్ష్యం చెప్పమని పాస్టరు అయ్యగారు మా ఆయన్ని అడిగేసరికి నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మా ఆయన లేచి నిలబడి, "ముందు వాసన సంగతి సెప్పీసి తరవాత సాక్ష్యం సెప్తానండి. అది కల్లేనండి. పెనానికండి" అన్నాడు.

అయ్యగారు చివరి ప్రార్థనలో మా ఇంటితో పాటు మా పెనాన్ని కూడా శుద్ధి చెయ్యమని దేవుణ్ణి అడిగారు. ఆమెన్ అయ్యాక సంఘపెద్ద ఒకాయన చెప్పులేసుకునే నెపంతో వెళ్ళి, టార్పాలిన్ అంచు ఎత్తి, కల్లు ఎంతవరకు ఉందో తొంగిచూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్ని అనుమానించడానికి ఈయనెవరు? ఆ పనికి నేను లేనూ?

మొన్న వేసవిలో సాలూరులో మా అప్పకు, అదే మా అక్కకు, ఆపరేషన్ అయింది. బావగారు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నారు, చూసుకునే దిక్కు లేదు. తాటిచెట్ల గీత మంచి జోరు మీదున్న సమయం. పెనానికి అప్పటికే గార పట్టి ఉంది. వెళ్తూ మా ఆయనకు చెప్పాను, "పెనం కడుక్కో బావా, నేకపోతే మాడిపోతాది" అని. ఆయన మా మేనమామ కొడుకు, బావ అనే పిలుస్తాను. తలూపాడు. సాలూరులో అప్పకు జావ కాచిపోస్తున్నానన్న మాటే గానీ నా మనసంతా ఆ రెండు కుండల మీదే. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన మాట తడబడుతోందా అని వినేదాన్ని. సిగ్నల్ సరిగా లేక ఎవరి మాటైనా తడబడినట్టే ఉండేది.

తిరిగొచ్చి ఆటో దిగేసరికి మాడు వాసన రోడ్డుదాకా వస్తోంది. పెరట్లో పెనం పొయ్యి మీద ఉంది, ఆయన తెడ్డుతో కలుపుతున్నాడు. అంచుల దగ్గరే గార నా చిటికెన వేలంత మందాన ఉంది. గోడ పక్కన బస్తాల్లో బెల్లం బొగ్గు రంగులో ఉంది. విశాఖపట్నం కుర్రాడు వచ్చి, వాసన చూసి, ఒట్టి చేతులతో వెళ్ళిపోయాడట.

సంచీ కింద పెట్టకుండానే తిట్టడం మొదలుపెట్టాను. "సీజనంతా బూడిద సేసినావు. పశువులు కూడా తినవు ఇది. ఒక్క రోజు పొయ్యి ఆపి కల్లు పొయ్యడానికి ఏటయిపోనాది నీకు?"

ఆయన కలుపుతూనే ఉన్నాడు. "నువ్వు నేవు గదా" అన్నాడు.

"నాను నేకపోతే కుండకి సున్నం మానడం రాదేటి?"

"మానడం వస్తాది. మానీసిన కుండ దించుకుని సెట్టు మీద నానొక్కడినే ఉంటాను సూడు, అది నా వల్ల కాదే. నువ్వు కింద నిలబడి నేని మేకని ఎతుకుతావు గదా, అప్పుడయితే దిగొచ్చీగలను."

నేను సంచీ కింద పెట్టాను. ఇన్నేళ్ళూ ఆయనకు తెలియకుండా కాపలా కాస్తున్నాననుకున్నాను. ఆయన నా కాపలాకు ఆనుకుని నడుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. పొగ వల్ల అని చెప్పడానికి వీలుగా పొయ్యి దగ్గరికి జరిగాను. ఆ మాడిన బెల్లమంతా ఆయన తాగకుండా ఉన్న రోజులని నాకప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా కాసేపు తిట్టాను, మొదలుపెట్టినదాన్ని ఒక్కసారిగా ఆపడం నా వల్ల కాలేదు.

ఆ సాయంత్రం రెండు కుండలకు సున్నం రాయలేదు. తెల్లారి చెట్టు కింద నేను ఆకులు ఏరలేదు, దేన్నీ వెతకలేదు. తలెత్తి ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఆ రెండు కుండలనూ తాడు కట్టి ముందు నాకు దించాడు. అవి నా చేతికి అందాక, తను దిగాడు.