బావ తీసేసిన నల్లద్దం

అనకాపల్లిలో వెల్డింగ్ షాపు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నేను అన్నిటికంటే ఎక్కువగా అరిచిన మాట ఒకటే: "అటు సూడకండి!" గేటు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళనీ, దారిన పోతూ నిలబడిపోయేవాళ్ళనీ, ఎవరినైనా సరే రాడ్డు అంటించే ముందు ఒక్క కేక వేసి తరిమేస్తాను. నోటి దురుసు మనిషినని పేరు కూడా తెచ్చుకున్నాను. అంత నోరున్నవాడిని, సొంత బావకి చెప్పాల్సినట్టు చెప్పలేదు.

బావంటే మా ఆవిడ అన్న. అనకాపల్లికి దగ్గర్లోనే ఒక ఊళ్ళో చెరుకు పండిస్తాడు, తన బెల్లం తనే వండుకుంటాడు. పాకం చూడడంలో ఆ చుట్టుపక్కల అతనికి పెట్టింది పేరు. పెనంలో రసం మరిగి మరిగి ఒక దగ్గర రంగు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే దింపాలి. ముందు దింపితే బెల్లం దిమ్మ గట్టిపడదు, ఆలస్యమైతే మాడిపోతుంది. ఆ రంగుని బావ కంటితోనే పట్టేస్తాడు. పొయ్యిలో మంట ఎంత ఉండాలన్నదీ కంటితోనే. అందుకని సీజన్ మొత్తం నిప్పుకేసి చూస్తూనే ఉంటాడు.

ఆ రోజు తెల్లారగానే ఫోన్ మొదలెట్టాడు. చెరుకు ఆడే క్రషర్ కాలు విరిగిపోయింది, నరికిన చెరుకు కుప్పగా పడి ఉంది, ఎండితే రసం రాదు, తొందరగా రా. నాలుగుసార్లు అదే పాట. సగం చేసిన గేటు వదిలేసి, టిఫిన్ కూడా తినకుండా మిషన్ ఆటోలో వేసుకుని బయల్దేరాను. వెళ్ళేసరికి నాకు ఒళ్ళు మండిపోతోంది.

అప్పటికే పిండిన రసం ఒక పెనం పొయ్యి మీద మరుగుతోంది. విరిగిన కాలికి ఇనప ముక్క అతికించాలంటే దాన్ని ఒకరు కదలకుండా పట్టుకోవాలి. నేనే పట్టుకుంటానన్నాడు బావ. తన క్రషర్ మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడు. నేను చేత్తో మొహానికి అడ్డం పట్టుకునే స్క్రీన్ తీసుకుని, నల్లద్దం ఉన్న హెల్మెట్ అతనికిచ్చాను.

అతను అది తగిలించుకుని, అలవాటు కొద్దీ ముందు పొయ్యి వైపు తిరిగాడు. వెల్డింగ్ అద్దం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. వెల్డింగ్ వెలుగు తప్ప ఇంకేదీ అందులోంచి కనపడదు. పట్టపగలు కూడా చిమ్మచీకటే.

"ఏటి బావా ఇది? మంటే అగుపడ్డం లేదు. కళ్ళున్నోడ్ని గుడ్డోడ్ని సేత్తావేటి?" అని తీసి నా చేతిలో పెట్టేశాడు.

"పెట్టుకో బావా, కళ్ళు పోతాయి."

"నిప్పు సూసి సూసి ముదిరిన కళ్ళివి. నీ మెరుపుకి పోతాయేటి? కానియ్యి, అవతల రసం మరిగిపోతంది."

అక్కడ నేను చెయ్యాల్సింది చాలా చిన్న పని. హెల్మెట్ మళ్ళీ అతని తలకి పెట్టి, పనికిరాని ముక్క మీద ఒక్కసారి రాడ్డు అంటించి చూపించాలి. నిమిషం పట్టదు. కానీ నాకు కోపంగా ఉంది, ఆకలిగా ఉంది. పైగా పదిమంది ముందు నా సామాను నా చేతిలో పెట్టేశాడు. "నీ ఇష్టం" అనేసి హెల్మెట్ పక్కన పడేశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళనీ పిల్లల్నీ మాత్రం అలవాటు ప్రకారం కేకేసి తరిమాను. అరగంట వెల్డింగ్ చేశాను. ఆ అరగంటా నా మొహం స్క్రీన్ వెనకాల చల్లగా ఉంది. బావ మూరెడు దూరంలో వంగి, పాకం చూసినంత శ్రద్ధగా ఆ వెలుగునే చూశాడు.

సాయంత్రం నాలుగు దాటాక ఫోన్ మోగింది. బావ భార్య, నాకు అప్ప, అంటే అక్క వరస. "తమ్ముడా, మీ బావకి కళ్ళు అగుపడ్డం లేదంట. ఇసక పోసినట్టుందని ఒకటే ఏడుపు. మద్దేనం ఎక్కించిన పెనం మాడిపోయింది. నువ్వు రా."

విషయం నాకు అక్కడికక్కడే అర్థమైంది. వెల్డింగ్ మెరుపు దెబ్బ అప్పటికప్పుడు తెలియదు. పొద్దున్న కొట్టింది సాయంత్రానికి బయటపడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో నేనూ పడ్డాను. కానీ నాకు తగిలింది ఒకటి రెండు మెరుపులు. బావ అరగంట చూశాడు.

నేను వెళ్ళేసరికి పొయ్యి పక్కన తువ్వాలు మొహానికి కప్పుకుని కూర్చున్నాడు. ఊరంతా మాడు వాసన. పక్కింటి బాలింత ఉగ్గుగిన్నెలో చనుబాలు తెచ్చింది, అప్ప అతని తల వెనక్కి వంచుతోంది. "వెయ్యొద్దు!" అని నేను అరిచిన అరుపుకి ఆ పిల్ల బెదిరిపోయింది. అప్పట్లో నా కళ్ళల్లోనూ అవే వేశారు, నేను నోరు మూసుకుని వేయించుకున్నాను. ఇప్పుడు మాత్రం పెద్ద తెలిసినవాడిలా అరిచాను. పొద్దున్న అరవాల్సిన అరుపది.

బండి మీద వెనక కూర్చోబెట్టుకుని అనకాపల్లి కంటి ఆసుపత్రికి తీసుకొచ్చాను. గాలి తగిలినప్పుడల్లా నా నడుం గట్టిగా పట్టుకుని మూలిగాడు. దారిలో ఒకే ఒక్క మాట అడిగాడు.

"బావా, పాకం సూడలేపోతే నేనేటి సెయ్యాలి?"

నేను గేరు మార్చాను.

డాక్టరమ్మ చుక్కలు వేసి, లైటు పెట్టి చూసింది. ఎండకి ఒళ్ళు కమిలినట్టు కంటి పైపొర కమిలిపోయిందంది. ఆ వెలుగులో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి, కాల్చింది అవేనంది. మామూలుగా తగ్గిపోతుంది, కానీ దెబ్బ గట్టిగా తగిలింది, ఎల్లుండి కట్లు విప్పాకే ఏదైనా చెప్పగలనంది. రెండు కళ్ళకీ కట్లు కట్టింది.

"అగుపడందాన్ని నేనెలా సూసేను బావా?" అన్నాడు బావ బయటికొచ్చాక.

ఆ రెండు రోజులూ షాపు తెరవలేదు. వాళ్ళ ఊళ్ళోనే, కిటికీకి గోనె కట్టిన గదిలో అతని మంచం పక్కనే ఉన్నాను. నేను మొక్కని దేవుడు లేడు. తగ్గుతుందని అందరికీ చెప్పాను, నేను మాత్రం నమ్మలేదు. బయట చెరుకు ఎండిపోతోంది, పొయ్యి చల్లారిపోయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అప్ప అన్నం పెట్టి "తిను తమ్ముడా" అనేది.

రెండో రోజు బావ ఉన్నట్టుండి "ఆ రోజు పెనం అంతా మాడిపోయిందేటి? ఒక ముక్క తే" అన్నాడు. తెచ్చి చేతిలో పెట్టాను. నల్లగా బొగ్గులా ఉంది.

"రంగెలగుంది?"

"బాగుంది బావా. ఎర్రగా ఉంది."

దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మాడ్సేసేను గదా" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కట్ల కింద కన్నీళ్ళు వస్తే మంటెక్కువవుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఏడవకు బావా అనడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. నా రెండు కళ్ళూ తీసి ఇచ్చేద్దామన్నంత ఏడుపొచ్చింది.

మూడో రోజు కట్లు విప్పారు. కాసేపు అంతా మసగ్గా ఉందన్నాడు. తర్వాత మెల్లగా గోడ మీద బోర్డులో పెద్ద అక్షరం చదివాడు, దాని కింది అక్షరాలు చదివాడు. చూపు పోలేదంది డాక్టరమ్మ. ఆ తర్వాత నా వైపు తిరిగి, అతని చేత ఆ ఇనప ముక్క పట్టించింది నువ్వేనా అని అడిగి, పెట్టాల్సినన్ని చీవాట్లు పెట్టింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరాడింది నాకు.

వారం పోయాక బావే షాపుకొచ్చాడు. ఎర్రజీర ఇంకా పూర్తిగా పోలేదు. "ఆ టోపీ ఓపాలి తే" అన్నాడు. హెల్మెట్ తగిలించాను. "ఇప్పుడూ సీకటే" అన్నాడు. నేను స్క్రీన్ మొహానికి అడ్డం పెట్టుకుని, తుక్కు ముక్క మీద రాడ్డు అంటించాను.

రాడ్డు మొత్తం అయిపోయేదాకా బావ కదల్లేదు.

"ఓలమ్మా... కరిగిన ఇనుమంతా అగుపడతంది. పాకం లాగే తిరగతంది" అన్నాడు. హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కోపం లేకుండానే అడిగాడు: "ఆ రోజు ఇలగ ఓపాలి సూపించుంటే నేను తీసేద్దునా బావా?"

రాడ్డు అయిపోయినా నేను స్క్రీన్ మొహం ముందు నుంచి తియ్యలేదు.