బల్ల ముందు విరిచిన పసుపు కొమ్ము

ఈ ఉదయం చర్చిలో, ప్రభువు బల్ల ముందు నిలబడి, మా సంఘంలోని ఒక చెల్లెలు తెచ్చిన పసుపు కొమ్మును రెండు ముక్కలు చేశాను. విరిచి ఊరుకున్నా బాగుండేది. "పచ్చిగున్నది" అన్నాను. మైకు నా పక్కనే ఉంది. ఆ మాట వెనక చాపల మీద కూర్చున్నవాళ్లకు కూడా వినిపించింది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి పంట చేతికొస్తే వాళ్లు మొదటి పళ్లెం దేవుని ముందుకు తెస్తారు. మక్కలైనా, వడ్లైనా, పసుపైనా సరే, ఒక్క గింజ అమ్మకముందే తేవాలి. సంఘ పెద్దగా ఆ పళ్లెం అందుకుని పాస్టరు అయ్యగారి చేతికివ్వడం నా పని. అందుకునేటప్పుడు "స్తోత్రం" అనాలి. అంతకు మించి నేను అనాల్సిందేమీ లేదు.

వారం దినాల్లో నేను ఆర్మూర్ మార్కెట్ యార్డులో రైతుల పంట కమీషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాని. రైతు కుప్ప పోయగానే అందులోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాను. బాగా ఎండిన కొమ్ము టప్పుమని విరుగుతుంది. లోపల తడి మిగిలినది వంగి, సాగి, మెత్తగా తెగుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుడు వినడమే నా బతుకు. నా నోటి నుంచి "పచ్చిగున్నది" అన్న మాట వస్తే ఆ కుప్ప చుట్టూ మూగినవాళ్లు పక్క కుప్పకు నడుస్తారు. ఆ మాటకున్న బలం నాకు బాగా తెలుసు. తెలిసే అన్నాను.

పళ్లెం తెచ్చిన చెల్లెలు పెర్కిట్ దాటాక ఉండే వాడలో బీడీలు చుడుతుంది. ఆమె భర్త మస్కట్‌లో పనిలో ఉండగానే పోయాడు. అప్పటి నుంచి అత్తా కోడళ్లు ఇద్దరే. మా సంఘంలో కలిసింది కోడలొక్కతే. అత్త ఆమెను ఆపలేదు కానీ, చర్చి గడప మాత్రం తొక్కలేదు. ఈ ఏడు కోడలు ఇరవై గుంటల నేల కౌలుకు తీసుకుని మొదటిసారి పసుపు పెట్టింది. "పంట గిట్ల చేతికొస్తే ఒక్కసారి వచ్చి చూస్త నీ దేవుణ్ని" అని అత్త మాటిచ్చిందట. ఆ మాట ప్రకారమే ముసలామె ఈ రోజు వచ్చి, ఆడవాళ్ల వైపు చివరన, గోడకు ఆనుకుని కూర్చుంది.

నా మాటకు ముందు వరసలో ఎవరో నవ్వారు. "మార్కెట్ అనుకున్నడు" అని ఇంకెవరో మెల్లగా అన్నారు. ఆ చెల్లెలి చేతులు పళ్లెం ఇచ్చినప్పుడు ఎలా చాచి ఉన్నాయో అలాగే ఉండిపోయాయి. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోయారు. అప్పుడు గోడ దగ్గర ముసలామె లేచింది.

"నడువే. మీ దేవునికి గూడ గ్రేడు వెడ్తరంట."

కోడలు కొంగు తల మీదికి లాక్కుని ఆమె వెనకే వెళ్లిపోయింది. పళ్లెం నా చేతిలోనే ఉంది.

ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని నా భార్యతో "అలవాటైన చెయ్యి, ఏం జెయ్యాలె" అన్నాను.

"అలవాటా? పసుపు పట్టిద్దామని ఇంట్ల కొమ్ములు తెచ్చి వెడ్తవు గద. ఎన్నడన్న ఒక్కటి ఇరిచినవా?" అంది.

నేను అన్నం పళ్లెం పక్కకు జరిపాను.

నేనెలాంటి మనిషినో ఇక్కడ చెప్పాలి. పదకొండేళ్ల కిందటి దాకా తాగేవాణ్ని. యార్డు నుంచి ఇంటికి వచ్చే దారిలో కల్లు దుకాణం దాటడం నా వల్ల అయ్యేది కాదు. అయ్యగారు ఒకసారి నన్ను మామిడిపల్లి చౌరస్తాలో మురికి కాలువ పక్కన చూసి, లేపి, తన బండి మీద ఎక్కించుకుని ఇంట్లో దించారు. ఏమీ బోధించలేదు. మర్నాడు పొద్దున వచ్చి "మోకాళ్ల మీద ఒక్క నిమిషం ఉండు, చాలు" అన్నారు. ఆ ఒక్క నిమిషంతో మొదలైంది. మోకాళ్లూనిన ప్రతి రోజూ ఆకాశం తెరుచుకోలేదు. చాలా రోజులు నేల చల్లదనం, నడుము నొప్పి తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా ఆ సాయంత్రం కల్లు దుకాణం దాటి ఇల్లు చేరేవాణ్ని. నాకు తెలిసిన దేవుని బలం ఇదే. ఒక రోజుకు సరిపడా వస్తుంది. మర్నాటికి మళ్లీ అడుక్కోవాలి.

తాగుడు పోయింది కానీ నోరు మారలేదు. తప్పు పట్టడంలో నాకున్న నేర్పును నేను వదులుకోలేదు. కూలి తెచ్చిపెట్టే ఆ నేర్పునే ఇంట్లోనూ, సంఘంలోనూ వాడుతూ వచ్చాను. పాట శ్రుతి తప్పితే తల తిప్పి చూసేది నేనే. ప్రార్థన ఎక్కువసేపు సాగితే దగ్గేదీ నేనే.

మధ్యాహ్నం మూల గదిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. కళ్లు మూసుకుంటే చాచి ఉన్న ఆ రెండు చేతులే కనిపించాయి. క్షమించమని అడగడానికి కూడా నోరు లేవలేదు. ఆదరణ ఏమీ దొరకలేదు. లేచి చెప్పులు వేసుకుని పెర్కిట్ వైపు నడిచాను.

వాకిలంతా పసుపు పరిచి ఉంది. కోడలు వంగి కొమ్ములను చేత్తో కలియబెడుతోంది. అత్త గడప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ముందు ఆమే మాట్లాడింది.

"ఏమయ్యా, మిగిలినయి గూడ ఇరుద్దామని వచ్చినవా?"

"కాదమ్మా. తప్పైంది. మాఫ్ చెయ్యిమని అడుగుదామని వచ్చిన."

"మాకెందుకయ్యా మాఫీలు. నువ్వు పెద్దమనిషివి, పచ్చిగుంటె పచ్చిగున్నదనే అన్నవు."

కోడలు తలెత్తలేదు. "నిజమే గదన్నా, ఎండలేదు. మోర్తాడ్ నుంచి బాయిలరోళ్లు ఆలస్యంగ వచ్చిండ్రు. ఉడికిచ్చినంక పది దినాలే ఎండింది, గింతల్నే మొగులువట్టి ఎండ పోయింది. కొనేటోళ్లు ఈ వారం వచ్చి చూస్తమన్నరు. వాళ్ల కన్న ముందు దేవునికియ్యాలె గద అని, ఉన్నకాడికి తెచ్చిన" అంది.

ఇంకో వారం ఆగి ఉంటే ఆ కొమ్ము టప్పుమని విరిగేది. కానీ అప్పటికి అది మొదటి పళ్లెం అయ్యేది కాదు. ముందుగా ఇవ్వాలన్న ఆత్రంలోనే ఆ తడి మిగిలింది. ఇన్నేళ్లు పసుపు పట్టి చూసినవాణ్ని, ఇన్నేళ్లు ఆ బల్ల ముందు నిలబడినవాణ్ని, ఈ రెండూ కలిపి చూడలేకపోయాను.

"వచ్చే ఆదివారం వస్తవు గద చెల్లె" అన్నాను.

"అత్తమ్మ ఇగ రాదన్నా. నన్ను గూడ పోనియ్యనంటున్నది. ఆదివారం బీడీలకు కూసోమంటున్నది."

"ఎందుకు పోవాలె?" అంది ముసలామె. "ఇంట్ల ఉంటె ఒక్కల్ని గూడ ఏమననియ్య దాన్ని. గాడికి పోయి అనిపిచ్చుకోవాల్నా?"

నేను మళ్లీ తప్పైందన్నాను.

"గాడ మైకుల అన్నవు. గీడికొచ్చి నా చెవుల చెప్తున్నవు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కోడలి పక్కన కూర్చుని ఆ కొమ్ములను వేరు చేశాను. సన్నవి ఒక వైపు, లావువి, తడి ఎక్కువున్నవి ఎండ తగిలే వైపు. గుండలనే తల్లిదుంపలు విడిగా. పొద్దు వాలే దాకా ఆ పని చేసి, "ఇంకా ఆరు ఎండలు తగలనియ్యి, అప్పటిదాంక ఎవ్వరికీ చూపకు" అని చెప్పి లేచాను. పోయేటప్పుడు గడప వైపు చూసి, "ఇయ్యాల సాయంత్రం కూడికల చెప్తనమ్మా, అందరి ముందట" అన్నాను.

ఇవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు. ఈ నలభై రోజులూ రోజుకొక ఇంట్లో సాయంత్రం ప్రార్థన జరుగుతుంది. ఈ రోజు వంతు మా వాడలోనే ఒక టైలరు ఇంటిది. పొద్దుటి మనుషుల్లో సగం మంది పైనే వచ్చారు. నాకు మామూలుగా అయ్యగారి పక్కన కుర్చీ వేస్తారు. కూర్చున్నాను. రెండో పాట అవుతుండగా వాకిలి చివర, గేటు అవతల, ఆ ముసలామె కనిపించింది. కోడలు లేదు. చెప్పులు విప్పలేదు. నేను చెప్తానో లేదో చూడ్డానికే వచ్చిందని అర్థమైంది.

పాట అయ్యాక లేచాను.

"పొద్దున మన చెల్లె తెచ్చిన అర్పణను నేను ఇరిచిన. యార్డుల అలవాటు కొద్ది నోరు జారింది. నన్ను క్షమించుండ్రి" అన్నాను.

అయ్యగారు తలూపారు. ఒకరిద్దరు "స్తోత్రం" అన్నారు. కూర్చోబోయాను.

"అలవాటా?" అంది గేటు దగ్గరి నుంచి ముసలామె. గట్టిగా ఏమీ అనలేదు. అడిగింది, అంతే.

అందరూ అటు తిరిగారు. అన్నం ముందు నా భార్య పట్టుకున్నదీ, మూల గదిలో నేను దేవునికి కూడా చెప్పలేకపోయిందీ అదే. కుర్చీ వీపు పట్టుకుని మళ్లీ నిలబడ్డాను.

"అలవాటు కాదు" అన్నాను. "పళ్లెం తెచ్చే ముందు ఆమె సాక్ష్యం చెప్పింది. మీరందరు కండ్లనీళ్లు వెట్టుకున్నరు. నేను తాగుడు ఇడిసిన సంగతి ఏడాదికోసారి చెప్తుంటె వినే మీరు, గట్ల ఎన్నడు ఏడ్వలే. నాకు కడుపుల మండింది. ఆమె తెచ్చిన దాంట్ల ఏదో ఒక లోపం దొరకాల్నని చూసిన. దొరికింది. మైకుల చెప్పిన. ఆ పసుపు ఎందుకు తడిగున్నదో ఆమెను అడగలే. కొనేటోళ్ల కన్న ముందు దేవునికియ్యాల్నని, ఎండక ముందే తెచ్చిందంట. పచ్చిగున్నది పసుపు కాదు."

ఎవరూ స్తోత్రం అనలేదు. టైలరు భార్య దీపం ఒత్తి సరిచేసింది.

నేను నా కుర్చీ ఎత్తుకుని వాకిట్లోకి వెళ్లాను. గేటు తీసి, ముసలామె పక్కన దాన్ని వేసి, వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నేల మీద కూర్చున్నాను.