కామన్ మీటరు మీద అనుమానం

మా వంటింటి గ్యాస్ పొయ్యి మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. కింద రాసిన ప్రతి మాటా నిజం. పొయ్యి వెలిగించి లేదు. వెలుగుతున్న మంట మీద చేస్తేనే ప్రమాణం కింద లెక్క అని మా ఆవిడ వాదించింది గానీ, ఒట్టు పెట్టుకోవడానికి గ్యాస్ తగలేసే మనిషిని కాను.

నేను గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడలో, అడ్మిన్ సెక్షన్‌లో పని చేస్తాను. ఉద్యోగుల బస్సులు వచ్చాయా, క్యాంటీన్‌లో ఇడ్లీలు చల్లారాయా, ఏసీ గాలికి ఎవరెవరు వణుకుతున్నారు, ఇవన్నీ చూసుకోవడం నా ఉద్యోగం. పగలంతా అన్నేసి లైట్ల కింద తిరిగి వస్తానా, ఇంట్లో ఒక్క బల్బు ఊరికే వెలుగుతుంటే నాకు గుండె దడ. మేముండేది నానక్‌రామ్‌గూడ పోయే దారిలో ఒక ఇరుకు సందు. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. పిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుతున్నారు కాబట్టి ఇంట్లో నేనూ, మా ఆవిడా, మా అనుమానాలూ.

పొదుపుకు పునాది అనుమానమే. ఏదైనా అయిపోయిందంటే నమ్మకూడదు. టూత్‌పేస్ట్ ట్యూబు ఉత్త నటన చేస్తుంది. కత్తెరతో పొట్ట చీరితే ఇంకో వారానికి సరిపడా లోపల దాచుకుని ఉంటుంది. అరిగిన సబ్బు బిళ్లను తడిపి కొత్త సబ్బు వీపుకు అంటిస్తాం. అలా అంటించీ అంటించీ మా ఇంటి సబ్బులో దాని పూర్వీకులందరూ ఉన్నారు. రంగుల చారలు చూసి ఏది ఏ పండక్కి కొన్నదో మా ఆవిడ చెప్పగలదు. టీ పొడిని రెండుసార్లు మరిగిస్తాం. రెండో టీ చిక్కగా వచ్చిందంటే ఆమె చాటుగా కొత్త పొడి వేసిందేమోనని నా అనుమానం. పలచగా వచ్చిందంటే మొదటిసారే నేను సారమంతా లాగేశానేమోనని ఆమె అనుమానం.

పై అంతస్తు వాళ్ల ఏసీ పైపు మా బాల్కనీలోకి కారుతుంది. ఇంకొకరైతే పైకెళ్లి గొడవపడతారు. మేము బకెట్ పెట్టాం. ఆ నీళ్లతోనే ఇల్లు తుడుస్తాం. మొన్న ఎండాకాలంలో ధార సన్నబడింది. మా బకెట్ వాళ్ల కంటపడి, మాకు దక్కకూడదని ఏసీ తగ్గించారేమోనని ఎన్ని రోజులు పైకి చెవి పెట్టి నిలబడ్డానో నాకే తెలియదు.

ఇక ఫ్రిజ్. తలుపు వేస్తే లోపలి బల్బు ఆరిపోతుందని అందరూ అంటారు. చూసినవాడు ఎవడు? సెల్‌ఫోన్‌లో వీడియో పెట్టి, పెరుగు గిన్నెకు ఆనించి, తలుపు మూశాను. ఫోన్ బయటికి తీసి చూస్తే బల్బు ఆరిన మాట నిజమే. కానీ తలుపు తెరిచినప్పుడల్లా వెలుగుతోంది కదా, అదెందుకు? బల్బే ఊడదీశాను. అప్పటి నుంచి ఫ్రిజ్‌లో ఏ గిన్నెలో ఏముందో తడిమి తెలుసుకుంటున్నాం. ఒక మధ్యాహ్నం మజ్జిగ అనుకుని ఇడ్లీ పిండిలో ఉప్పూ నీళ్లూ కలుపుకుని తాగేశాను. పారబోస్తే పొదుపు అనిపించుకోదు కాబట్టి గ్లాసు పూర్తి చేశాను.

అన్నిటికంటే కఠినమైంది గీజర్ చట్టం. స్విచ్ వేసే అధికారం నాది. వేశాక బాత్రూం బయటే నిలబడతాను. గోరువెచ్చ అవగానే ఆర్పేస్తాను. ఒకరి తర్వాత ఒకరం ఆ వేడి చల్లారేలోపు స్నానం ముగించాలి. నేను ఆఫీసుకు వెళ్లాక మా ఆవిడ మళ్లీ వేస్తుందేమోనని నాకు ఎప్పుడూ అనుమానమే. సాయంత్రం వచ్చి గీజర్ పొట్ట మీద చెయ్యి వేసి చూసేవాణ్ని. జ్వరం చూస్తున్నవా దానికి అని ఆమె ఎత్తిపొడిచేది.

ఇంత కష్టానికి ఫలితం నెలనెలా కనబడేది. అపార్ట్‌మెంటు మొత్తంలో తక్కువ కరెంటు బిల్లు మాది. ఆ కాగితాన్ని గుమ్మం పక్కన, వచ్చేవాళ్ల కంట పడేలా అంటించేవాణ్ని. లిఫ్ట్‌లో ఎవరు దొరికినా, వాళ్ల అంతస్తు వచ్చేదాకా కరెంటు ఎలా ఆదా చేయాలో చెప్పేవాణ్ని. కొందరు మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. వాళ్లకు పొదుపు వంటబట్టిందనుకున్నాను. చివరికి అసోసియేషన్ సెక్రటరీగా నన్నే ఎన్నుకున్నారు.

సెక్రటరీ అయ్యాక మొదట చూసింది కామన్ మీటరు. లిఫ్టు, నీళ్ల మోటారు, కారిడార్ లైట్లు, సెల్లార్‌లో వాచ్‌మన్ గది, వీటన్నిటికీ కలిపి ఒకటే మీటరు. దాని బిల్లు అందరం పంచుకుంటాం. అది మాత్రం ఏళ్లుగా అన్యాయంగా తిరుగుతోంది. లైట్లు మార్పించాను, మోటారు వేళలు తగ్గించాను. తగ్గలేదు. ఎవరో కరెంటు తాగుతున్నారు.

ఎవరో కాదు, వాచ్‌మనే అని నాకు తోచింది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాడు. భార్య మా అపార్ట్‌మెంట్లోనే ఇళ్లలో అంట్లు తోముతుంది. గ్యాస్ సిలిండర్ మార్చగా వాళ్లను నేను చూడలేదు. ఎప్పుడు మారుస్తారా అని కాపలా కాసినా కూడా చూడలేదు. అయినా పొద్దున్నే సెల్లార్‌లోంచి జొన్న రొట్టెల వాసన. వేడివేడి రొట్టెల వాసన. ఆ వేడి ఎక్కడిది? కాయిల్ ఉన్న కరెంటు పొయ్యి ఏదో దాచి ఉంచారు.

ఒకరోజు బండి తుడుస్తున్నట్టు నటిస్తూ అడిగాను.

"ఏమయ్యా, సిలిండర్ తెచ్చుకుంటలేవు, అయిపోలేదా?"

"ఉన్నది సార్. జర జర వాడుకుంటం," అన్నాడు. అంటూనే వెనక గోడ వైపు చూశాడు. నేరం చేసినవాడి కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఏసీ నీళ్ల బకెట్ దగ్గర నా కళ్లూ అలాగే ఉంటాయి.

విషయం ప్రెసిడెంటు చెవిన వేశాను. ఆయన మా ఎదురింటాయన, భీమవరం వైపు వాడు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. విని తలాడించి, ఆదివారం పొద్దున అందరి ముందూ తేల్చేద్దామండి అన్నాడు. కరెంటు దొంగతనం రుజువైతే సాయంత్రానికి గది ఖాళీ చేయించి, ఏజెన్సీ నుంచి యూనిఫాం వేసుకున్న గార్డును తెచ్చుకుందామని నిర్ణయం జరిగిపోయింది. ఆ గది పోతే వాచ్‌మన్ ఉద్యోగంతో పాటు అతని భార్య చేసే ఇళ్ల పనులూ పోతాయి. చుట్టుపక్కల గది కిరాయికి తీసుకోవడం వాళ్ల వల్ల అయ్యేది కాదు. ఈ సంగతి ఇప్పుడు రాసినంత స్పష్టంగా అప్పుడు నా బుర్రకు తట్టలేదు. కాయిల్ పొయ్యి ఎక్కడ దాచారన్న ధ్యాసే తప్ప నాకు ఇంకోటి లేదు.

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. లిఫ్టు ఆపాం, మోటారు ఆపాం, కారిడార్ లైట్లన్నీ ఆర్పాం. వాచ్‌మన్ గదిలో బల్బూ ఫ్యానూ ఆర్పాం. మీటరు మీద చిన్న ఎర్ర లైటు ఉంటుంది, కరెంటు వాడుతున్నంతసేపూ అది టిక్కు టిక్కుమని కొట్టుకుంటుంది. ఇన్ని ఆపినా అది ఆగలేదు. పైగా పరుగెత్తినట్టు కొట్టుకుంటోంది.

"చూశారా అండీ," అన్నాడు ప్రెసిడెంటు మెల్లగా.

బల్బు మళ్లీ వేసి గది వెతికాం. నులక మంచం కింద పాత చీర కప్పిన కుప్ప ఒకటి ఉంది. చీర లాగాను. సెంట్రింగ్ చెక్కలు. కట్టే మేడల దగ్గర పారేసే ముక్కలు, మేకులు పీకి, బారుగా పేర్చి ఉన్నాయి. వాచ్‌మన్ తల దించుకున్నాడు. భార్య మాత్రం దించుకోలేదు.

"పొగ రావద్దని మీరే కదా సార్ బోర్డు పెట్టిండ్రు. గందుకే గోడ ఎనుక కాల్చుకుంటున్న రొట్టెలు. గ్యాసు ఒక్క చాయ్‌కే. గిదే మా దొంగతనం," అంది.

వాళ్ల సిలిండర్ ఎందుకు అయిపోవడం లేదో తెలిసింది. ఊళ్లో అందరికీ పొదుపు పాఠాలు చెప్పే నాకు ఒక చాయ్‌కే గ్యాసు వాడొచ్చన్న ఆలోచన ఎన్నడూ రానందుకు కడుపు మండింది కూడా. అయితే మీటరు మీద లైటు ఇంకా కొట్టుకుంటూనే ఉంది. గోడలోంచి వైరేదో లాగి ఉంటాడండి, వెతకాలి అన్నాడు ప్రెసిడెంటు. ఆ గది మూలన గిన్నెల మూట అప్పటికే కట్టి ఉంది. మేము ఏం తేలుస్తామో వాళ్లకు ముందే అనుమానం.

"ఎతుకుండ్రి సార్," అన్నాడు వాచ్‌మన్. "గోడలు తవ్వి చూసుకోండ్రి. దొరకకపోతే మాత్రం దొంగ అని పంపొద్దు. ఇంకో దగ్గర పనికి పోతే ఏం చెప్పుకోవాలె?"

అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. కామన్ మీటరు మెయిన్ స్విచ్ దించేద్దాం, ఎవరి దగ్గర కరెంటు పోతే వాళ్లే తాగుతున్నట్టు అన్నాను. ప్రెసిడెంటు మెచ్చుకున్నాడు. అందరూ చూస్తుండగా నా చేత్తోనే స్విచ్ దించాను. ఎర్ర లైటు ఆగిపోయింది. గది చీకటైంది. అందరం చెవులు రిక్కించాం.

నా ఫోన్ మోగింది. దాని చెవి దగ్గరి స్పీకర్ పాడై చాలా కాలమైంది, రిపేరుకు ఇవ్వడం దండగని బయటికి వినబడేలా పెట్టే మాట్లాడతాను. మా ఆవిడ గొంతు సెల్లార్ అంతా వినబడింది.

"ఏమయ్యా, కింద ఏం జేస్తున్నవ్? బట్టల మిషన్ నడుమల ఆగింది. టీవీ నడుస్తనే ఉన్నది, ఫ్యాను తిరుగుతనే ఉన్నది. మిషనొక్కటే పోయింది. గీజర్ లైటు కూడ పోయింది."

నాకు ముందు తట్టింది, నేను కిందికి దిగగానే ఈమె గీజర్ వేసిందన్నమాట అని. రెండో సంగతి కాసేపటికి తట్టింది.

ఫ్లాటు కొన్న కొత్తలో బాత్రూంలో గీజర్‌కు, మిషన్‌కు పాయింట్లు పెట్టించాను. ఎలక్ట్రీషియన్ హాలులో మా బోర్డు దగ్గర్నుంచి కొత్త వైరు లాగాలన్నాడు. అంత వైరు కొనిపించి మిగిలింది సంచిలో వేసుకుపోతాడని నాకు అనుమానం. బాత్రూం గోడకు అవతల, కారిడార్ వైపు పైపులోంచి పోతున్న లైను చూపించి ఇందులోంచే లాగమన్నాను. ఇది మీదేనా సార్ అని ఆ మనిషి అడిగాడు. నా గోడ ఎనుక ఉన్నది నాది కాక ఎవరిదయ్యా అని కసిరాను. జానెడు వైరుతో పనైపోయింది. అది కారిడార్ లైట్ల లైను.

"అయితే ఇన్నాళ్లూ లిఫ్టులో ఆపి మాకు చెప్పింది మా కరెంటు గురించేనాండీ?" అన్నాడు ప్రెసిడెంటు.

వాచ్‌మన్ భార్య మూట విప్పి రొట్టెల పెనం తీసి మళ్లీ మేకుకు తగిలించింది. మా వైపు చూడలేదు. వాళ్లు గదిలోనే ఉండాలని ఆ కుర్చీల్లోనే తేలింది. గోడ వెనక పొయ్యి పెట్టుకోవచ్చని ప్రెసిడెంటు బోర్డు మీద మాట కొట్టేయించాడు. నా సెక్రటరీ పని వేరే వాళ్లకు ఇచ్చారు. మా బోర్డు నుంచి హాలు చుట్టూ తిప్పి కొత్త వైరు లాగించాం. ఆ తర్వాత వచ్చిన బిల్లును నేను ఎక్కడా అంటించలేదు. ఇప్పుడు నేను సెల్లార్‌లోకి దిగితే చాలు, వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి మీటర్ల బోర్డుకు అడ్డంగా నిలబడతాడు. నమస్తే కూడా పెడతాడు గానీ అక్కడి నుంచి కదలడు.

ఒట్టు పెట్టాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. ఫోన్ గట్టిగా వినబడిందన్నది కల్పన. నా ఫోన్ నిక్షేపంగా ఉంది. మా ఆవిడ మాట నా చెవికి తప్ప ఎవరికీ వినబడలేదు. రాంగ్ నంబర్ అని పెట్టేశాను. స్విచ్ పైకెత్తాను. ఎర్ర లైటు మళ్లీ కొట్టుకుంది. ఇక లాభం లేదండి, ఖాళీ చేయిద్దాం అన్నాడు ప్రెసిడెంటు. వాచ్‌మన్ భార్య మూట నెత్తికెత్తుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, గది దాటుతూ రెండో చేత్తో బల్బు ఆర్పింది. తమను వెళ్లగొడుతున్న వాళ్ల కరెంటు వృథా కాకూడదని ఆర్పింది. అప్పుడు నోరు తెరిచాను.

నా అంతట నేనే చెప్పానంటే మీరు నమ్మరని ఫోన్ సంగతి అల్లాను. మా ఆవిడైతే ఇప్పటికీ నమ్మడం లేదు. ఆ ఫోన్ మాట ఎవరో ఒకరు వినే ఉంటారని ఆమె అనుమానం.